ఉమ్మడి గోడ

మా అత్తవారి ఊళ్లో ఎవరి గోడ వాళ్లకి విడిగా ఉండదు. మా ఇంటి ఎడమ గోడే పక్కింటివాళ్లకి కుడి గోడ. వాళ్ల ఎడమ గోడ ఆ పై ఇంటికి కుడి గోడ. వీధి ఈ చివర రామమందిరం దగ్గర మొదలైన వరస ఆ చివర చెరువుగట్టు దాకా ఒకే వెన్నుగాడి కింద పోతుంది. దూరం నుంచి చూస్తే ఇరవై ఇళ్లు కాదు, ఇరవై గుమ్మాలున్న ఒకే పొడుగాటి ఇల్లు అనిపిస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పాత వీధులు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఇటు ఒడిశాలో గంజాం వైపు వెళ్లినా ఇదే వరస. గోదావరి జిల్లాల వాళ్లు మండువా లోగిళ్ల గురించి గొప్పగా చెప్పుకుంటారు. నాలుగు వైపులా గదులు, నడిమధ్యన ఆకాశం. సినిమాల్లో కూడా అవే చూపిస్తారు. మా వైపు రైతు ఇల్లు రైలుపెట్టె లాంటిది. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. మొన్న మావారు, మా మరిది టేపు పట్టుకుని కొలిస్తే వెడల్పు 13 అడుగులు, వీధి అరుగు అంచు నుంచి పెరటి గోడ దాకా పొడవు 104 అడుగులు వచ్చింది.

టేపు ఎందుకు బయటికి వచ్చిందంటే, ఈ ఇంటిని పడగొట్టాలా ఉంచాలా అన్న మాట ఈ వేసవిలో మా ఇంట్లో లేచింది. నరసన్నపేట నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, మొత్తం తీసేసి పిల్లర్లు లేపుకుంటే కింద బండి పెట్టుకోవచ్చు, పైన రెండంతస్తులు వేసుకోవచ్చు, అన్నదమ్ములిద్దరికీ చెరొకటి అన్నాడు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది బాగానే ఉంది. ఆ వారం రోజులూ నేను అక్కడే ఉన్నాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆ ఇంట్లో ఎన్నోసార్లు వండాను, పడుకున్నాను, పురుడు కూడా పోసుకున్నాను. కానీ అది ఎలా కట్టారో, ఎందుకలా కట్టారో అని నిలబడి చూసింది మాత్రం ఇప్పుడే.

ముందు వీధి అరుగు. నల్లరాయి బండలు పేర్చి, సందుల్లో సున్నం కూరి, మోకాలెత్తు లేపారు. అరుగు మీదికి చూరు ఎంత కిందికి దిగి ఉంటుందంటే మా మరిది లాంటి పొడుగాటివాడు తల వంచి ఎక్కాలి. చిన్నప్పటి నుంచీ పట్నంలో పెరిగిన మా పిల్లలకి అది కట్టడం రాక కట్టినట్టు అనిపిస్తుంది. వంగి ఉన్న ఆ చూరే మట్టిగోడకి గొడుగు. వాన ఏటవాలుగా కొట్టినా గోడ తడవదు, మిట్టమధ్యాహ్నం ఎండ గుమ్మం దాటి లోపలికి రాదు. పైగా అరుగులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి శ్రావణంలో పేరంటానికి వీధి ఈ చివర నుంచి ఆ చివరికి చుక్క వాన పడకుండా పసుపు కుంకాలు పట్టుకుని వెళ్లొచ్చేవాళ్లం.

అరుగు దాటితే సావిడి. మగవాళ్లు కూర్చునేదీ, చుట్టాలు పడుకునేదీ, కోతలప్పుడు బస్తాలు దిగేదీ అక్కడే. తర్వాత నట్టిల్లు. ఇంటికంతటికీ అదే పెద్ద గది, అదే చీకటి గది. దేవుడి మూల, ధాన్యం గాదె, ఇనప్పెట్టె, పాత తిరగలి, అన్నీ అందులోనే. దాని వెనక వంటిల్లు, ఆ వెనక చిన్న వసారా, పెరడు, నుయ్యి, పశువుల శాల. వీధి గుమ్మం, సావిడి గుమ్మం, నట్టింటి గుమ్మం, వంటింటి గుమ్మం, పెరటి గుమ్మం అన్నీ ఒకే గీత మీద ఉంటాయి. తలుపులన్నీ తీస్తే అరుగు మీద కూర్చున్నవాళ్లకి పెరట్లో కట్టిన గేదె కనిపిస్తుంది. పక్క గోడలు ఉమ్మడివి కాబట్టి వాటికి కిటికీలు పెట్టే వీల్లేదు. అందుకే గాలికి ఈ గుమ్మాల దారి ఇచ్చారు. వైశాఖంలో కూడా సావిడికీ నట్టింటికీ మధ్య గడప మీద తల పెట్టి పడుకుంటే ఫ్యాను గుర్తు రాదు.

నట్టింటి మీద అటక ఉంది. అందరి ఇళ్లలో అటకలుంటాయి, సామాన్లు పడేసుకుంటారు. మా ఇంటిది వేరు. తాటి దూలాల మీద కర్రలు దగ్గర దగ్గరగా పరిచి, వాటి మీద గడ్డి కలిపిన మట్టి జానెడు మందాన వేసి మెత్తారు. పైన పెంకు, మధ్యన ఖాళీ, కింద ఈ మట్టి అటక. పెంకు ఎంత కాలినా ఆ వేడి నట్టింట్లోకి దిగదు. చల్లదనం కోసమే కట్టారనుకున్నాను. మా అత్తగారు నవ్వి, "సల్లదనానికి కాదమ్మా, నిప్పుకి" అన్నారు.

ఒకప్పుడు ఈ వరసంతా పూరిళ్లే. ఒక ఇంటి పొయ్యిలో రవ్వ ఎగిరితే ఎండాకాలం గాలికి వరస వరసంతా అంటుకునేది. ఇళ్లు కలిసి ఉండటంలో ఉన్న భయం అది. అందుకే కప్పుకీ గదికీ మధ్య మట్టి అటక కట్టుకునేవారు. పైన కప్పు కాలి బూడిదైపోయినా కింద నట్టింట్లో ధాన్యం, బట్టలు, తొట్లో పిల్ల మిగిలేవి. మళ్లీ తాటాకు, గడ్డి తెచ్చుకుని కప్పేసుకునేవారు. పెంకు వచ్చాక కూడా తాపీవాళ్లు అటక మానలేదు.

పెంకు అంటే ముందు గూనపెంకు, మా కుమ్మరులు చేసేది. ఆ తర్వాత మంగుళూరు పెంకు. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగుళూరులో ఈ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. జర్మన్, స్విస్ మిషనరీలు మొదలుపెట్టిన ఆ అచ్చుపెంకు మెల్లగా దేశమంతా పాకింది. మా సావిడి మీద ఉన్నవి అవే. ఒకదాని గాడిలో ఒకటి కూర్చుంటుంది కాబట్టి గూనపెంకు కన్నా బరువు తక్కువ, కోతులు దూకినా అంత తేలిగ్గా జారవు. మధ్యలో రెండు అద్దం పెంకులు పెట్టారు. నట్టింటికి పొద్దున పది నుంచి రెండు దాకా వెలుతురు ఆ రెండు పలకల్లోంచే దిగుతుంది.

ఆ పెంకులు తప్ప ఈ ఇంట్లో ఊరికి దూరం నుంచి వచ్చిన వస్తువు లేదు. పునాది రాయి పక్కనున్న మెట్ట మీద కొట్టింది. గోడ మట్టి చెరువుది. దూలాలు మా పొలం గట్టు మీద తాళ్లవి, నీళ్లలో నానబెట్టి చేవ తేల్చినవి. ద్వారబంధాలు పనస. బొబ్బిలిలో వీణలు చేసేది కూడా పనసతోనే కదా, చెద అంత తొందరగా పట్టదని మా మామగారు గర్వంగా చెప్పేవారు. సున్నం కళింగపట్నం వైపు నుంచి వచ్చిన గుల్లలు కాల్చి చేసింది. దాన్ని ఇసకతో కలిపి ఎద్దుల గానుగలో రోజుల తరబడి నలిపి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి పూసేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ ఏళ్ల మీద మళ్లీ రాయిగా మారుతుంది. అందుకే పాత సున్నపు అరుగు అరిగేకొద్దీ నున్నబడుతుంది.

ఒక చోట మాత్రం మా మామగారి హయాంలోనే వంటింటి గోడకి సిమెంటు పూయించారు. బలంగా ఉంటుందని. మట్టిగోడ నేల నుంచి తేమ పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. సిమెంటు పొర దానికి ముక్కు మూసినట్టు అడ్డం పడింది. లోపలి తేమ బయటికి పోలేక మట్టి మెత్తబడి, రెండు వానాకాలాలు గడిచేసరికి సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని కింద మట్టి కూడా ఊడి వచ్చింది. ఇంట్లో ఎలకలు తవ్విన చోట తప్ప బలహీనంగా ఉన్న గోడ అదొక్కటే. మీలో ఎవరి ఇంట్లోనైనా మట్టిగోడలు ఉంటే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మట్టికి సున్నం కానీ, పేడమట్టి కానీ పూయండి. సిమెంటు వద్దు.

మా అమ్మమ్మగారి ఇల్లు ఇంకో రకం. భోగాపురం అవతల సముద్రానికి దగ్గర ఊరు. అక్కడ వరసలు లేవు, చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గోపురంలా తాటాకు కప్పు, కప్పు అంచు దాదాపు నేలకి తాకేలా దిగి ఉండేది. గుమ్మంలోకి పాకినట్టు వెళ్లేవాళ్లం. చిన్నప్పుడు మూలలు లేని ఇంట్లో దొంగాట ఎలా ఆడాలో తెలిసేది కాదు.

తుఫాను ఊళ్లకి ఆ ఆకారం ఎందుకు పట్టిందో ఇప్పుడు చాలామంది ఇంజనీర్లు రాస్తున్నారు. చదరపు ఇంటికి గాలి ఎదురుగా తగిలే గోడ ఒకటి ఉంటుంది. గుండ్రటి ఇంటిని గాలి చుట్టి పక్కకి తప్పుకుంటుంది. కప్పు కింది దాకా ఉంటే దాని కింద దూరి పైకి లేపేందుకు గాలికి సందు దొరకదు. తాటాకు పోయినా మనిషి మీద పడి చంపేంత బరువు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. నాలుగేళ్లకి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలని నేలమట్టం చేసింది. తిత్లీ రాత్రి మా అత్తవారి ఊళ్లో రేకుల షెడ్లు ఎగిరి చెరువులో పడ్డాయి. మా వరసలో పెంకులు లేచాయి, రెండు చోట్ల వాసాలు విరిగాయి, కానీ గోడ ఒక్కటీ కూలలేదు. ఒక ఇంటిని గాలి తోస్తే పక్క ఇల్లు ఆపింది. వరసకి ఉన్న బలం అదే. ఈ ఇల్లు విడిగా లేదు.

ఈ మాటలన్నీ జరుగుతుండగా ఇంగ్లండులో ఉంటున్న మా ఆడపడుచు కూతురు వీడియో కాల్‌లోకి వచ్చింది. వాళ్లు సెలవులకి కాట్స్‌వోల్డ్స్ అనే ప్రాంతంలో ఒక పల్లెలో రాతి ఇల్లు అద్దెకి తీసుకున్నారట. తేనెరంగు సున్నపురాయి గోడలు, రెండడుగుల మందం, కప్పు మీద కూడా పలచటి రాతి పలకలే, చిన్న చిన్న కిటికీలు. "అత్తా, ఇక్కడ కూడా ఇళ్లు మనూరి వరసలానే అతుక్కుని ఉన్నాయి" అని ఫోను తిప్పి తిప్పి చూపించింది. ఆ దేశంలో 1947 చట్టంతో పాత కట్టడాల జాబితాలు రాయడం గట్టిగా మొదలైంది. జాబితాలో పేరున్న ఇంట్లో కిటికీ మార్చాలన్నా అనుమతి తీసుకోవాలి, తీసుకోకుండా మారిస్తే నేరం. రాజులు కట్టిన కోటలకే కాదు, మామూలు రైతుల ఇళ్లకీ అదే చట్టం.

మనకీ కోటలున్నాయి. 1713లో కట్టిన విజయనగరం రాతి కోట ఉంది. గురజాడ అప్పారావుగారి ఇంటిని విజయనగరంలో స్మారకంగా నిలబెట్టారు, మా పిల్లలని తీసుకెళ్లి చూపించాను. కానీ పేరులేని రైతు ఇల్లు ఎవరి జాబితాలోనూ ఉండదు. ఉంచాలా తీసేయాలా అన్నది ఆ ఇంట్లోవాళ్ల మనసు మీదే ఉంటుంది. మా వైపు రాయి చూడండి, టెక్కలి నీలిరాయి ఓడలెక్కి విదేశాలకి సమాధుల మీదికి వెళ్తుంది. ఇక్కడ మనం కొత్త ఇంటికి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన టైల్స్ వేసుకుంటున్నాం.

నేనిదంతా అనగానే మా తోటికోడలు చేతిలో చేట పక్కన పెట్టి నావైపు తిరిగింది. ఆ ఇంట్లో అత్తగారితో, పిల్లలతో ఏడాది పొడుగూ ఉండేది తను.

"అప్పా, ఆ ఇంగ్లండు ఇల్లు అలికేదెవరట?"

ఎవరం మాట్లాడలేదు.

"నీవు పండక్కొచ్చి నాల్రోజులుండి ఎల్లిపోతావు. నాను రోజూ ఉండాల. ఆ వంటింట్లో పొగ ఎల్లడానికి ఒక్క కన్నం లేదు. గ్యాసొచ్చినా వేసంకాలం ఉక్కకి ఊపిరాడదు. రేత్రి పాముల్లో పెరడంతా నడుసుకుని బాత్రూముకెల్లాల. మృగశిరకి ముందు పెంకు నేయించడానికి మనిషిని బతిమాలాల. మట్టి రాలితే మెత్తాల. సల్లగా ఉంటాది, నాను కాదన్ను. ఆ సల్లదనం ఎవరి సేతుల్లోంచి వొస్తందో అది కూడా సూడాల కదా."

ఆ మాటలో ఒక్కటీ తీసిపారేసేది లేదు. పాత ఇళ్ల గురించి రాసేవాళ్లం అరుగు గురించి రాస్తాం, చూరు గురించి రాస్తాం. అరుగు మీద ఎక్కువ కూర్చున్నది మగవాళ్లే. ఆడవాళ్లు ఆ ఇంట్లో ఎక్కువ బతికింది వెనక సగంలో. ఆ వెనక సగానికి కట్టినవాడు గాలీ ఇవ్వలేదు, వెలుతురూ ఇవ్వలేదు. కిటికీ లేని నట్టింట్లోనే పురుళ్లు. నెలలో మూడు రోజులు పశువుల శాల పక్క వసారా. మా అత్తగారి కళ్లల్లో శుక్లాలు తీసినప్పుడు, ఊపిరితిత్తుల్లో పొగ పేరుకుందని డాక్టరు చెప్పినప్పుడు మేము ఆ వంటిల్లు తలుచుకోలేదు. ఇప్పుడు తలుచుకోవలసి వచ్చింది.

అలాగని మొత్తం తీసేయడానికి ఉందా అంటే, ఆ రాత్రి కాంట్రాక్టరు కాగితం మీద గీసిన ప్లాను చూసి మా అత్తగారు ఒక్కటే ప్రశ్న అడిగారు. "మరి పెద్దమ్మ గోడ ఏటవుతాది?"

పెద్దమ్మ అంటే పక్కింటావిడ. భర్త పోయాడు, కొడుకు చెన్నైలో భవనాల పనికి వలస వెళ్లాడు, ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఇంటి దూలాలు కుడివైపు కూర్చున్నది మా ఎడమ గోడ మీదే. ఆ గోడకి అటువైపు ఆవిడ దూలాలు, ఇటువైపు మావి. ఇటువైపు బరువంతా ఒక్కసారి తీసేస్తే గోడ ఒక వైపుకి మొగ్గుతుంది. పైగా పిల్లర్లకి గోతులు తవ్వాలంటే పాత రాతి పునాది కన్నా లోతుకి వెళ్లాలి, ఆ పునాది గోడని ఆనుకునే ఉంటుంది. పక్కన గొయ్యి పడితే దాని కింద మట్టి జారుతుంది. ఇన్నాళ్లూ చూరు కింద పొడిగా ఉన్న గోడ ముఖం ఒక్కసారి వానకి బయటపడుతుంది. ఆవిడ ఇల్లు ఒక్క వానాకాలం ఆగదు. ఇదంతా కాంట్రాక్టరుని అడిగితే, వాళ్లు కూడా కట్టుకోవాలి మరి అన్నాడు. ఆవిడ దేంతో కట్టుకుంటుంది?

మా మరిది కాసేపు ఊరుకుని, "తిత్లీనాడు ఆళ్లింట్లోనే పడుకున్నాం" అన్నాడు. మా వైపు వాసం విరిగితే ఆ రాత్రి అందరూ పెద్దమ్మ నట్టింట్లోకే చేరారు.

తోటికోడలికి వంటిల్లు కావాలి, పెద్దమ్మకి గోడ కావాలి. రెండూ న్యాయమే. మూడు రోజులు కాగితాలు గీశాం, చించాం. మావారి అక్కగారి అబ్బాయి సివిల్ ఇంజనీరు, విశాఖలో పని చేస్తున్నాడు. వాడు వచ్చి చూసి చెప్పినదాని మీదే చివరికి తేలింది.

అరుగు, సావిడి, నట్టిల్లు ఉంటాయి. పెంకు మొత్తం దింపి, పుచ్చిన వాసాలు మార్చి, మళ్లీ నేయిస్తాం. వంటింటి నుంచి వెనక భాగమంతా తీసేసి కొత్తది కడతాం. కానీ ఉమ్మడి గోడ జోలికి వెళ్లం. దాని నుంచి మూడడుగులు లోపలికి జరిగి మా గోడ లేపుతాం. ఆ పాత గోడ నెత్తిన గూనపెంకు టోపీలా వేసి, మా వైపు ముఖానికి సున్నం పూస్తాం. నట్టింటికీ కొత్త వంటింటికీ మధ్య ఆరడుగులు ఖాళీ వదిలేస్తాం, పైన కప్పు లేకుండా. ఆ ఖాళీలోంచి నట్టింటికి మొదటిసారి పక్క వెలుతురు వస్తుంది, వంటింటికి రెండు వైపులా కిటికీలు వస్తాయి. బాత్రూము లోపలే. అన్నదమ్ముల వాటాల మాట అత్తగారు ఉన్నంతకాలం ఎత్తకూడదని మావారే అన్నారు.

వంటింటి మీద స్లాబే. తోటికోడలు దానికి తక్కువకి ఒప్పుకోలేదు, ఒప్పుకోవలసిన అవసరం కూడా లేదు. అయితే మా అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు. లారీ బేకర్ అని ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, కేరళలో స్థిరపడిపోయిన ఆర్కిటెక్టు ఉండేవారు. 2007లో పోయారు. ఇంటికి కావలసిన సామాను ఆ ఇంటికి ఐదు మైళ్లలోపు దొరికేదై ఉండాలన్న గాంధీగారి మాట తన మీద బాగా పనిచేసిందని ఆయన చెప్పుకునేవారు. ఆయన వాడిన పద్ధతుల్లో ఒకటి పెంకుల స్లాబు. స్లాబు అడుగు భాగంలో లాగుడు బలాన్ని ఇనుమే మోస్తుంది, అక్కడ కాంక్రీటు పని తక్కువ. అందుకని ఇనప ఊచల గళ్ల మధ్య పాత మంగుళూరు పెంకులు జతలు జతలుగా పెట్టి వాటి మీద కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, రెండు పెంకుల మధ్య గాలి ఉండిపోయి వేడి కూడా తక్కువ దిగుతుంది.

మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. పెంకులు పెడితే స్లాబు నిలబడదన్నాడు. మావాడు పెరట్లో రెండు చెక్కల మధ్య చిన్న పలక ఒకటి పోయించి, నీళ్లు కట్టి, నెల తర్వాత దాని మీద నలుగురిని ఎక్కించాడు. ఐదోవాడుగా మేస్త్రే ఎక్కి గెంతి చూసుకున్నాడు. అప్పుడు ఒప్పుకున్నాడు.

పని మొదలుపెట్టే రోజు అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంటారేమోనని నేను దగ్గరే ఉన్నాను. ఆవిడ కర్ర పట్టుకుని నిదానంగా వంటింటి దాకా నడిచి వెళ్లి, మసి పట్టి నల్లగా మెరుస్తున్న పొయ్యి గోడని కర్రతో చూపించి, "ముందు దీన్ని పడగొట్టండి" అన్నారు. పదిహేనేళ్ల వయసులో ఆ గోడ ముందు కూర్చుని, డెబ్బై దాటేదాకా లేవలేదట. కూలివాళ్లు నవ్వారు. తోటికోడలు మాత్రం వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఇది రాసేసరికి నేత పని అయిపోయింది. మా ఊళ్లో పెంకు నేసేవాళ్లు ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ అరవై దాటింది. వాళ్ల వెంట ఒక కుర్రాణ్ణి పంపి పని నేర్పమని, వాడి కూలి మేమిస్తామని మా మరిది అన్నాడు. వాడు నేర్చుకుంటాడో, హైదరాబాదు బండెక్కుతాడో చూడాలి. వంటింటి స్లాబు కింద నిలబడి పైకి చూస్తే సావిడి మీద ఉండాల్సిన పెంకులు వరసగా కనిపిస్తాయి. ప్లాస్టరింగు చేయొద్దని, అలాగే కనబడాలని తోటికోడలే చెప్పింది.

మీ ఊళ్లో ఇలాంటి ఇల్లు పడగొట్టాలన్న మాట వస్తే, ఉంచండి అని నేను చెప్పను. అందులో ఉండేవాళ్ల కష్టం వాళ్లకే తెలుసు. కానీ గునపం పడేముందు మూడు పనులు చేయండి. టేపు పెట్టి కొలిచి ఒక కాగితం మీద గీసుకోండి. పగలు పన్నెండు గంటలకి ప్రతి గదిలో నిలబడి ఫోటో తీయండి, వెలుతురు ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుంది. మూడోది, ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ కాలం వంట చేసినావిడని అడగండి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని. ఇంజనీరు కన్నా ముందు ఆవిడని అడగండి.

ఇంకొక్క మాట. నట్టిల్లు, సావిడి, వసారా అని మేమనేవాటిని మీ వైపు ఏమంటారు? పాలకొండ నుంచి వచ్చిన మా వియ్యపురాలు ఇంకేదో పేరు చెప్పింది, మా అత్తగారు ఒప్పుకోలేదు. పేర్లు తెలిసినవాళ్లు చెప్పండి, రాసి పెట్టుకుంటాను.